రాతకెక్కని నీళ్లు

తెల్లవారుజామున సుంకేశుల బ్యారేజీ మీద నిలబడి కిందికి చూస్తే తుంగభద్ర బదులు బండరాళ్లు పరుచుకుని కనిపించాయి. మే నెల చివరి వారం. గేట్ల కింద మిగిలిన మడుగులో ఇద్దరు పిల్లలు బర్రెల్ని కడుగుతున్నారు. కుడి ఒడ్డున కర్నూలు–కడప కాలువ మొదలయ్యే చోట తుమ్మమొక్కలు మోకాలెత్తు పెరిగి ఉన్నాయి. ఇక్కణ్నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు కాలువ. జనం నోట కేసీ కెనాల్. దీని వెంట తల నుంచి చివరి ఆయకట్టు దాకా ఒక్కసారైనా వెళ్లాలని నాకు చాన్నాళ్లుగా కోరిక. ప్రభుత్వ విధానం అనే మాట పుస్తకాల్లో చదివినప్పుడల్లా నా కళ్ల ముందు మెదిలేది ఈ కాలువే. ఎవరి పొలానికి నీళ్లు పారతాయి, ఎవరి పొలం ముందర ఆగిపోతాయి, ఆ సంగతి ఎవరు ఎక్కడ కూర్చుని తేలుస్తారు? అది కాలువ గట్టు మీద నడిచి తెలుసుకోవాలని బయల్దేరాను.

బ్యారేజీ దగ్గర లస్కరొకాయన బీడీ ఆర్పి పక్కకు వచ్చాడు. ఈ ఏడు నీళ్లు ఎప్పుడు వదులుతారన్నా అని అడిగాను.

"పైన వానలు పడాల సార్. పన్నాక మీటింగు జరగాల. ఆడ ఏం రాసుకుంటే అదే మాకు."

ఆడ ఏం రాసుకుంటే అదే. ఆ మాట దారి పొడుగునా నా వెంట వచ్చింది.

ఈ కాలువ పుట్టుకే ఒక రాతతో ముడిపడి ఉంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దీన్ని తవ్వించింది. వెనక ఆర్థర్ కాటన్ ప్రోద్బలం ఉంది. పొలాలూ తడవాలి, పడవలూ నడవాలి అన్నది ఆలోచన. కంపెనీ పెట్టుబడి పది లక్షల పౌన్లకు బ్రిటిష్ ప్రభుత్వం ఐదు శాతం వడ్డీ పూచీ పడింది. అయితే నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే మెట్టరైతు తీరువ కట్టి కాలువ నీళ్లు పెట్టుకోవడానికి ముందుకు రాలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది, 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. ఈలోపు 1876–78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చిపెట్టింది. కాలువ గిట్టుబాటు కాకపోయినా లండన్‌లోని వాటాదారుకు వడ్డీ పూచీ మాత్రం ఉంది. అది కాగితం మీద రాసి, సంతకం పెట్టిన మాట. కరువులో కన్నుమూసిన రైతుకు అలాంటి పూచీ ఎవరూ రాసివ్వలేదు.

*

కర్నూలు ఊళ్లో కాలువ హంద్రీని దాటుతుంది. నది మీద కట్టిన రాతి తొట్టిలోంచి కాలువ పారాలి, దాని కింద నది పారాలి. నేను చూసిన రోజున పైనా నీళ్లు లేవు, కిందా లేవు. పక్క వీధిలో బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కొండారెడ్డి బురుజు వైపు నడిచాను.

1953 అక్టోబరు 1న ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. కట్టడాలు చాలక కచేరీలు గుడారాల్లో నడిచాయి, ఉద్యోగులు గుడారాల్లో కాపురాలు పెట్టారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి. ఆ వైభవం నిలిచింది మూడేళ్ల నెల రోజులు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది.

కర్నూలుకు రాజధాని ఊరికే రాలేదు. దాని వెనక ఒక ఒడంబడిక ఉంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో, అంటే శ్రీబాగ్‌లో, కోస్తా పెద్దలూ రాయలసీమ పెద్దలూ కూర్చుని రాసుకున్న ఒప్పందం అది. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తా పెత్తనంలో తాము నలిగిపోతామేమోనని సీమవాళ్ల భయం. కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు వంటి వారు ఆ భయాన్ని మాటల్లో పెట్టి, దానికి మందు రాశారు. రాజధాని, హైకోర్టు ఒకే ప్రాంతంలో ఉండకూడదు, రెండింటిలో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకూ నెల్లూరుకూ మొదటి చోటు ఇవ్వాలి. శాసనసభ సీట్లు జిల్లాకు సమానంగా పంచాలి.

ఈ చివరి షరతు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఎందుకంటే ఇలాంటి భయమే, ఇలాంటి మందే అమెరికా చరిత్రలో ఉంది. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసేటప్పుడు చిన్న రాష్ట్రాలు పట్టుబట్టాయి. జనాభా లెక్కన సీట్లు పంచితే పెద్ద రాష్ట్రాలు మమ్మల్ని మింగేస్తాయి అన్నాయి. చివరికి ప్రతినిధుల సభలో జనాభా లెక్క, సెనేట్‌లో మాత్రం ప్రతి రాష్ట్రానికీ రెండే సీట్లు అని రాజీ కుదిరింది. అందుకే ఈనాడు నాలుగు కోట్లకు చేరువైన కాలిఫోర్నియాకూ, ఆరు లక్షల మంది లేని వయోమింగ్‌కూ ఇద్దరిద్దరే సెనేటర్లు. ఇది పెద్ద రాష్ట్రాల పౌరులకు అన్యాయం కాదా అన్న తగువు అక్కడ ఇంకా నడుస్తోంది, ఆ తగువులో బలమూ ఉంది. అయినా ఆ ఏర్పాటు చెదరలేదు. తన సమ్మతి లేకుండా ఏ రాష్ట్రానికీ సెనేట్‌లో సమాన స్థానం తీసివేయరాదని రాజ్యాంగంలోనే రాసిపెట్టారు.

శ్రీబాగ్ ఒప్పందానికి అలాంటి తాళం పడలేదు. పెద్దమనుషులు పెద్దమనుషులతో చేసుకున్న మాటగానే అది మిగిలిపోయింది. రాజధాని వచ్చి వెళ్లింది. 1954లో హైకోర్టు గుంటూరులో పెట్టారు, అదీ తర్వాత హైదరాబాదు చేరింది. సీట్లు జనాభా లెక్కనే తేలాయి. ఇవాళ రాష్ట్ర శాసనసభలో 175 సీట్లుంటే పాత నాలుగు సీమ జిల్లాలవి 52. కృష్ణా, గుంటూరు, ఉభయ గోదావరి జిల్లాలవే 67. కర్నూలుకు న్యాయ రాజధాని అని 2019 డిసెంబరులో ఒక ప్రభుత్వం అన్నది, 2020లో చట్టం చేసింది, 2021 నవంబరులో ఆ చట్టాన్ని తనే వెనక్కి తీసుకుంది. 2024లో కొత్త శాసనసభ కర్నూల్లో హైకోర్టు బెంచి కోరుతూ తీర్మానం చేసింది. ఇచ్చినవాళ్ల చేతుల్లోనే చెరిపే రబ్బరు కూడా ఉన్నప్పుడు ఊరు దేన్ని నమ్ముకోవాలి?

*

నందికొట్కూరు దాటాక రోడ్డు సన్నబడి, మట్టి ఎర్రబడి, చివరికి శ్రీశైలం జలాశయపు ముంపు నేలలోకి దిగిపోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ దారి నీటి అడుగున ఉంటుంది. వేసవిలో నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఏడు నదులు కలిసే చోటని పేరు. గర్భగుడిలో వేపమొద్దు శివలింగం. ధర్మరాజు ప్రతిష్ఠ అంటారు. ఏటేటా నీళ్లలో నానుతూ, ఎండుతూ, ఆ కొయ్య ఇంకా నిలిచే ఉంది.

గుడి బయట మండపం నీడలో ఒక అవ్వ కూర్చుని ఉంది. కొడుకు ఆటోలో తెచ్చి దింపాడట. చేతికర్రతో ఎండిన బురదవైపు చూపించింది.

"ఆ తుమ్మచెట్టు మొద్దు కనపడ్తాంది సూడు నాయనా, దానెనక మా ఇల్లు. మాది పెద్ద పంచపాళి ఇల్లు. బుల్డోజరు తెచ్చినారు. మేం దంతెలు, తలుపులు పీక్కోని పోతిమి."

దంతెలు అంటే ఇంటి కప్పు మోసే అడ్డకొయ్యలు. నాలుగు దంతెలు, ఒక గడప, రెండు తలుపులు. అవి మాత్రం కొత్త ఊర్లో కట్టుకున్న ఇంటికి ఇప్పటికీ ఉన్నాయంది. గడప మీద పసుపు రాసేటప్పుడల్లా పాత ఊరు గుర్తొస్తుందట.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులైలో నెహ్రూ పునాదిరాయి వేశారు. నీళ్లు నింపే వేళకు, 1980ల మొదట్లో, కృష్ణకు రెండు వైపులా కలిపి సుమారు లక్ష మంది ఇళ్లు వాకిళ్లు వదిలారు. ఆ నీటితో కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల కరెంటు కేంద్రాలు నిలిచాయి. ఊళ్లు మునిగినవారి ఇళ్లలో ఒకరికి ఉద్యోగం ఇస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ జీవో అమలు చేయమంటూ ఏళ్ల తరబడి ధర్నాలు జరుగుతూనే ఉన్నాయి. "తొంభైయెనిమిది జీవోవాళ్లు" అన్నది ఇక్కడ ఒక కులంపేరులా స్థిరపడిపోయింది. అవ్వ కొడుక్కీ ఆ పేరే. "కాయితం ఉండాది నాయనా, కొలువే లేదు" అంది. రాత ఒక్కటే చాలదని ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. రాసిన మాటను నిలబెట్టే బలం వెనకాల ఉండాలి.

ఇక్కణ్నుంచి నది దిగువకు వెళ్తే సిద్ధేశ్వరం. అవతలి ఒడ్డున తెలంగాణలోని సోమశిల. 2007 జనవరిలో ఈ నదిలోనే పడవ మునిగి అరవై మంది దాకా ప్రాణాలు పోయాయి. వంతెన కోసం అప్పట్నుంచీ ఎదురుచూపులే. సిద్ధేశ్వరం పేరు అంతకన్నా పాతది. 1951 నాటి కృష్ణా–పెన్నా పథకంలో సిద్ధేశ్వరం, గండికోట దగ్గర జలాశయాలు ఉండాలి. మరుసటి ఏడు ఖోస్లా కమిటీ నందికొండ వైపు మొగ్గింది, అదే నాగార్జునసాగర్ అయింది. అరవై ఏళ్ల తర్వాత, 2016 మే 31న, వేలమంది సీమ రైతులు సిద్ధేశ్వరం దగ్గర అలుగు కట్టాలని తామే రాయి వేయడానికి బయల్దేరారు. పోలీసులు ఎక్కడికక్కడ అడ్డుకున్నారు. చేలగట్ల మీదుగా నడిచి వచ్చినవాళ్లున్నారు. ఇప్పుడు ఇక్కడ తీగల వంతెన అంటున్నారు. దాని కిందే బ్యారేజీ కూడా కట్టండి, పూడికా ఆగుతుంది, నీళ్లూ నిలుస్తాయి అన్నది రైతుల మాట. శ్రీశైలం జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు 215 దగ్గరికి వచ్చింది. ఆ లెక్క తెలిసినవాడికి రైతుల కోరిక గొంతెమ్మ కోరికలా అనిపించదు.

*

పోతిరెడ్డిపాడు. ఈ పేరు మీద మంత్రులు రాజీనామాలు చేశారు, పాదయాత్రలు జరిగాయి, రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. మే నెలలో వెళ్లి చూస్తే గేట్ల ముందు మట్టి నెర్రెలిచ్చి, కొంగలు తిరుగుతూ, ఏ సందడీ లేని చోటు. గోడ మీద అడుగుల గీతలు వేసి ఉన్నాయి. ఒక్కో అంకె జానెడు ఎత్తు, తెలుపు మీద నలుపు. కింది గీతలకు బురద ఎండి అట్టకట్టింది, పై గీతల రంగు ఎండకు వెలిసింది.

ఆ గోడలోనే సీమ రాజకీయమంతా ఉంది. శ్రీశైలం నిండితే 885 అడుగులు. పోతిరెడ్డిపాడు గుమ్మమే 841 అడుగుల ఎత్తున ఉంది. 854 అడుగులైనా నిలిస్తేనే ఇటు చెప్పుకోదగ్గ నీళ్లు పారతాయి. జలాశయంలో కనీస మట్టం ఎంత ఉంచాలన్నది ఒక జీవోతో తేలుతుంది. 1996లో 69వ నంబరు జీవో దాన్ని 834 అడుగులకు దించింది. అంటే గుమ్మం కన్నా కిందికి. 2004లో 107వ నంబరు జీవో మళ్లీ 854 చేసింది. ఇరవై అడుగులు దిగడానికి ఒక సంతకం చాలింది. తిరిగి ఎక్కడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2005లో ఈ తూములను 11,150 క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచారు. 2020లో 80,000 చేయాలని, సంగమేశ్వరం దగ్గర ఎత్తిపోతల పెట్టాలని జీవో వచ్చింది, ఎత్తిపోతలను హరిత ట్రిబ్యునల్ ఆపింది. అవతలి ఒడ్డున పాలమూరు ఉంది. అక్కడి పల్లెలూ తరాలుగా ముంబై దాకా వలసపోయినవే. వాళ్ల భయం అబద్ధం కాదు. రెండు ఎండిన నేలలు ఒకే కుండ కోసం పెనుగులాడుతున్నాయి.

ఆ అంకెల ముందు నిలబడినప్పుడు నాకు మరో అంకె గుర్తొచ్చింది. 1,075. రెండేళ్ల కిందట అరిజోనాలో మేనల్లుడి ఇంటికి వెళ్లినప్పుడు నేర్చుకున్న అంకె అది. ఫీనిక్స్ శివార్లలో సిమెంటు కాలువ ఎడారిని చీల్చుకుంటూ పోతుంది. కొలరాడో నది నీళ్లను 336 మైళ్లు మోసుకొచ్చే కాలువ. గట్టున నడుస్తూ ఉంటే ప్రాణం కేసీ కెనాల్ మీదికే పోయింది. అక్కడ మీడ్ జలాశయం మట్టం 1,075 అడుగులకు పడిపోతే ఏ రాష్ట్రానికి ఎంత కోత అన్నది 2007లోనే రాసుకున్నారు. 2021 ఆగస్టులో మొదటిసారి కోత ప్రకటించారు. అరిజోనా వాటాలో సుమారు 18 శాతం పోయింది. పినాల్ కౌంటీలో పత్తి, పశుగ్రాసం వేసే రైతులు భూములు బీడు పెట్టారు.

అరిజోనాకే మొదటి దెబ్బ ఎందుకు? దాని జవాబు నదిలో లేదు, చట్టసభలో ఉంది. ఆ కాలువకు 1968లో అమెరికా కాంగ్రెస్ అనుమతి కావలసి వచ్చినప్పుడు ప్రతినిధుల సభలో కాలిఫోర్నియాకు 38 సీట్లు, అరిజోనాకు మూడే. నీటి ఎద్దడి వస్తే మా వాటా తీరాకే మీ కాలువకు అని కాలిఫోర్నియా షరతు పెట్టింది. అరిజోనా తలవంచి ఒప్పుకుంది. యాభై మూడేళ్ల తర్వాత ఆ షరతు ఒక రైతు పత్తిచేను దాకా నడిచి వచ్చింది. ఇక ఆ నదీతీరపు ఆదివాసీ తెగలైతే 1922లో రాష్ట్రాలు ఆ నది నీళ్లు పంచుకున్న గదిలోనే లేరు. సీమ కథకూ ఆ కథకూ నేల వేరు, పోలిక ఒకటే. రాసేటప్పుడు గదిలో ఎవరున్నారు? ఆ రాతను చెరపాలంటే ఎవరి సమ్మతి కావాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలిస్తే నీళ్లు ఎటు పారతాయో వానకు ముందే చెప్పవచ్చు.

*

పోతిరెడ్డిపాడు నీళ్లు బనకచర్ల దగ్గర మూడు దారులు పడతాయి. ఒకటి తెలుగుగంగ. 1983 ఒప్పందంతో మద్రాసు దాహం తీర్చడానికి మొదలై, దారిలో సీమ పొలాలకూ నీళ్లిచ్చే కాలువ. ఒకటి శ్రీశైలం కుడికాలువ. మధ్యలోది నిప్పులవాగు మీదుగా మన కేసీ కెనాల్‌ను కలిసేది. వెలుగోడు మీదుగా నంద్యాల చేరి, ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటి కడప జిల్లాలోకి వచ్చాను. కాలువ ఒకసారి రోడ్డు పక్కకు వస్తుంది, ఒకసారి చేలల్లో దాక్కుంటుంది. కుందూనది ఆనకట్టల దగ్గర నదిలోనే కలిసి, మళ్లీ విడిపోతుంది.

దారిలో ఒక లెక్క వేసుకున్నాను. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు నాయుడు, వై.ఎస్. రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్ రెడ్డి, జగన్మోహన్ రెడ్డి. ఏడుగురు ముఖ్యమంత్రులు ఈ సీమ బిడ్డలే. పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యాక గెలిచి వెళ్లింది నంద్యాల నుంచే. జనం ఓటు వాడుకోలేదనీ అనలేం. 2019లో సీమ 52 సీట్లలో 49 ఒక పార్టీకి ఇచ్చింది, 2024లో అదే పార్టీకి ఏడే ఇచ్చింది. ఇంతకన్నా గట్టిగా ప్రజాభిప్రాయం ఎలా మాట్లాడుతుంది? అయితే ఎవరు కుర్చీలో కూర్చున్నా, రాష్ట్రమంతా గెలిస్తేగాని ఆ కుర్చీ నిలవదు. డెల్టా 67 సీట్లను నొప్పించి సీమకు ముందు నీళ్లు అనడం ఎవరికైనా కష్టమే. అందుకే మనిషి మనవాడైతే చాలదు, ఏర్పాటు మనల్ని కాపాడేదై ఉండాలి.

తప్పంతా బయటివాళ్ల మీదికి నెట్టడమూ నాకు సమ్మతం కాదు. ప్రొద్దుటూరు డాక్టరు ఎం.వి. రమణారెడ్డి రాయలసీమ కన్నీటి గాథ రాసి, ఉద్యమం నడిపి సీమను నిద్రలేపినప్పుడు కూడా పల్లెల్లో ముఠా తగాదాలు మనుషుల్ని చీల్చుతూనే ఉన్నాయి. కాలువ మీద కూడా పెద్ద రైతుదొక వంతు, కౌలు రైతుదొక వంతు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. రైతులే ఓటేసి ఎన్నుకోవాలి. అయితే పట్టా ఉన్నవాడికో, రికార్డుకెక్కిన కౌలుదారుకో ఆ ఓటు. నోటిమాట మీద నడిచే కౌలుకు రికార్డెక్కడిది? మార్టిన్ గిలెన్స్, బెంజమిన్ పేజ్ అనే ఇద్దరు పండితులు 2014లో అమెరికా విధానాలను లెక్కగట్టారు. 1,779 విధాన ప్రశ్నలు తీసుకుని చూస్తే, సంపన్నులూ సంఘటిత వర్గాలూ కోరింది నెరవేరే అవకాశం ఎక్కువ, సామాన్యుడి కోరిక తనంతట తానుగా కదిలించేది దాదాపు ఏమీ లేదు అని తేల్చారు. ఆ లెక్క మీద పండితుల్లో వాదాలున్నాయి. కాలువ గట్టున పుట్టినవాడికి మాత్రం అది కొత్త కాదు. తల దగ్గరున్న తూముకు నీళ్లు అడక్కుండానే వస్తాయి.

కడపకు ఇంకా కొంత దూరం ఉందనగా, పెన్న దాటాక, ఒక పిల్లకాలువ చివర ఆగాను. షట్టరు తుప్పుపట్టి సగంలో ఇరుక్కుపోయింది. పక్కన రాతి పలక మీద తూము నంబరు చెక్కి ఉంది. ఒకాయన పశువులకు నీళ్లు పెట్టి గట్టెక్కాడు. మూడెకరాలు కౌలు. నిరుడు వరి వేస్తే పొట్ట దశలో నీళ్లు ఆగిపోయాయట. కంకి బయటికి రాలేదు. గడ్డి కోసి పశువులకేశాడు.

"పై తూమోళ్లు నారు పోసుకున్నాక మాకు తెలిచ్చాది నీళ్లొచ్చినయని. ఆగేది అసలే తెలీదు" అన్నాడు.

ఏం కావాలన్నా మీకు, ప్రభుత్వాన్ని ఏం అడగమంటారు అన్నాను. పెద్ద ప్రాజెక్టు పేరేదైనా చెబుతాడనుకున్నాను. ఆయన తూము మొండిగోడ వైపు చూశాడు. సున్నం పెచ్చులూడి, ఎన్నికల నాటి రంగులు మిగిలిన గోడ.

"నీళ్లు యేపొద్దు వచ్చాయో, యేపొద్దు ఆగుతాయో, ఈ గోడ మింద రాయమనండి సార్. వరి పెట్టాల్నా, ఆరుతడి పెట్టాల్నా మేమే సూసుకుంటాం."

రాసినా చెరిపేస్తే?

"గోడ మా ఊర్లో ఉండాది గదా. చెరిపితే మాకు కనపడ్తాది."

ఎండ దిగుతోంది. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకుని, ఎడ్లను తోలుకుంటూ కాలువ అడుగునే, నీళ్లు పారవలసిన దారినే, ఊళ్లోకి నడిచి వెళ్లాడు.